అంగడి పటం

తరగతి గదిలో ఎవరైనా "దగ్గర" అనే మాట వాడితే నేను ఊరుకునేదాన్ని కాదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి అడిగేదాన్ని: దగ్గర అంటే ఎంత? ఎవరికి దగ్గర? ఏ కాలంలో దగ్గర? పిల్లలు తలలు వంచుకునేవారు. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "క్యాంటీన్ మేడం. గోడ దూకితె అడుగు దూరం, మా బెంచికి దగ్గర, అన్ని కాలాలల్ల దగ్గర" అన్నాడు. తరగతి అంతా గొల్లుమంది. వాణ్ణి కూర్చోబెట్టి, మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పినవాడు వీడొక్కడేనని మెచ్చుకున్నాను కూడా.

మీరిప్పుడు ఫోను తీసి ఊరి పేరు కొడితే నీలం గీత వచ్చేస్తుంది. నాకు ఫోను మీద కోపమేమీ లేదు. నేనూ దాన్ని పట్టుకునే కొండగట్టు అవతలి చుట్టాల ఇంటికి పోతాను. ఫోను దారి చెబుతుంది, బాగానే చెబుతుంది. మనుషులు ఎటు పోతారు, ఎందుకు పోతారు, ఎటు పోలేక ఆగిపోతారు అన్నది మాత్రం మనమే పోయి అడిగి తెలుసుకోవాలి. దాన్నే నేను బతుకంతా మానవ భూగోళశాస్త్రం అని పాఠం చెప్పాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు పెద్దవాళ్ళు తాము ఓడిపోయిన కథలు చాలా చెబుతారు. నేను గెలిచిన కథ చెబుతాను. వినయం నాకు ఎన్నడూ సరిగా అబ్బలేదు, ఈ వయసులో నేర్చుకునే ఓపికా లేదు.

మాది హుజూరాబాద్ పక్కన ఒక చిన్న ఊరు. బాపు వ్యవసాయ కూలీ. ఆదివారం మాత్రం మిషన్ చర్చి గంట ఆయన చేతిలో ఉండేది. "గీ గంట ఏడిదాంక ఇనపడ్తదో ఆడిదాంక మన సంఘం బిడ్డా" అనేవాడు. గంట వినపడని ఊళ్ళవాళ్ళు ఇంకో చర్చికి పోయేవారు. కాలేజీలో చేరాక 'ప్రాంతం' అనే పాఠం వచ్చింది. ప్రభుత్వం గీత గీసి చేసిన ప్రాంతం ఒకటి, ఒక చోటి చుట్టూ జనం రాకపోకలతో తయారయ్యే ప్రాంతం ఇంకొకటి అని అందులో ఉంది. ఆ రెండోది మా బాపు గంటే కదా అని నాకు నవ్వొచ్చింది. ఆ పాఠం నేను ఎన్నడూ పుస్తకం తెరిచి చెప్పలేదు.

ఉద్యోగం ఆఖరి దశకు వచ్చాక, కొత్త జిల్లాలు ఏర్పడిన రోజుల్లో, నన్ను డిప్యుటేషన్ మీద ఆదిలాబాద్ వైపు ఒక కొత్త జిల్లాకు పంపారు. జిల్లాలతో పాటు మండలాలూ కొత్తగా విడిపోయాయి. పాత పటాలు పనికిరాకుండా పోయాయి. కొత్త పటాలు తయారుచేసే విభాగమని మాకొక గది ఇచ్చారు. పేరు పెద్దది, గది చిన్నది. వాన పడితే ఒక మూల కారేది, ఆ మూలకే జిల్లా పటం వేలాడదీసి ఉండేది.

ఆ గదిలో మేం ముగ్గురం. ఒకాయన డ్రాఫ్ట్స్‌మన్. మరమగ్గాల ఇంట్లో పుట్టినవాడు, అన్నదమ్ములు ఇంకా మగ్గాల మీదే ఉన్నారు. ఆయన చేతి గీత చూస్తే యంత్రం గీసిందనుకుంటారు. రెండోది కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి, కంప్యూటర్ మీద పటాలు చేసే ఇంజనీరు. వాళ్ళిద్దరికీ రోజూ తగువే. ఆయన ట్రేసింగ్ కాగితం పరిస్తే ఈ పిల్ల "అంకుల్, నేను రెండు క్లిక్కులల్ల చేస్త" అనేది. ఆయన "చెయ్యి బిడ్డా, కరెంటు పోయినంక నన్నే పిలుస్తవు" అనేవాడు. కరెంటు రోజూ పోయేది, ఆ పిల్ల రోజూ పిలిచేది.

అసలు సంగతికి వస్తాను. ఆ జిల్లాలో ఒక మండలం సగం మైదానం, సగం గుట్టలు. గుట్టల మీది ఊళ్ళ కోసమని ఒక అంబులెన్స్ మంజూరైంది. ఒక్కటే. దాన్ని ఏ ఊళ్ళో నిలిపి ఉంచాలి? మా గది నుంచి పటం గీసి పంపితే, కలెక్టర్ గారి సమావేశంలో తేలుస్తారు. మండల కేంద్రంలోనే నిలపాలని జిల్లా వైద్యాధికారి మనసులో ముందే అనుకున్నాడు. ఆస్పత్రి అక్కడ, షెడ్డు అక్కడ, డ్రైవర్‌కు గది అక్కడ. ఆయన ఆలోచనలో తప్పు పట్టడానికి పైకి ఏమీ లేదు.

మా కంప్యూటరమ్మాయి మండల కేంద్రం చుట్టూ ఒక వృత్తం గీసింది. గుట్టల మీది ఊళ్ళన్నీ ఆ వృత్తంలో ముద్దుగా ఇమిడిపోయాయి. డ్రాఫ్ట్స్‌మన్ అద్దాలు పైకి నెట్టి తెర వంక చూశాడు.

"బిడ్డా, గీ అంబులెన్స్‌కు రెక్కలు గిట్ల పెట్టి పంపుతున్నరా?"

"అంకుల్, గుట్టల మీద రోడ్లు ఇంక ఎక్కియ్యలే. ఎక్కిస్తె అసలు దూరం వస్తది. అప్పటిదాంక గీ వృత్తమే."

అప్పటిదాకా ఆగడం ఎందుకని ఊళ్ళకు ఫోన్లు చేశాం. మండల కేంద్రం మీ ఊరికి ఎంత దూరం అని అడిగాం. ఏ ఊరికి చేసినా ఒకటే జవాబు: "గింతే మేడం, దగ్గర్నే." ఆ పిల్ల అన్ని ఊళ్ళ ఎదుటా దగ్గర అనే రాసుకుంది. వైద్యాధికారికి ఈ సంగతి తెలిసి సంతోషించాడు. "చూసిన్రా మేడం, వాళ్ళే దగ్గరంటున్నరు. మనకేంది పరేషాన్?" అన్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు పిల్లల్ని నిలబెట్టి అడిగిన మాట, ఇప్పుడు ప్రభుత్వ పటంలోకి ప్రశ్న లేకుండా ఎక్కిపోతోంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆ మండల కేంద్రానికి పోయాను.

తహసీల్ ఆఫీసు అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. కులం సర్టిఫికెట్ కోసం వచ్చిందట. నా కంటే కాస్త చిన్నదేమో, గట్టి మనిషి. ఊరెక్కడ అంటే గుట్టల వైపు చెయ్యి చూపించింది. ఎంత దూరం అంటే, మీరు ఊహించినదే, "గింతే మేడం, దగ్గర్నే. వస్తవా?" అంది. వస్తానన్నాను.

ఆమె తల మీద మూట పెట్టుకుని నడిచింది, నేను చేతిసంచి పట్టుకుని వెనక నడిచాను. ముందు పత్తి చేలు. తర్వాత వాగు. నీళ్ళు సన్నగా ఉన్నాయి, రాళ్ళ మీద దాటాం. ఆ తర్వాత గుట్ట మొదలైంది. ఇంకెంత అని అడిగితే "అగో, గా మలుపు తిరుగుతె అయిపాయె" అనేది. మలుపు తిరిగితే ఇంకో మలుపు ఉండేది. ఒకచోట నా చెప్పు పట్టీ తెగింది. ఆమె చీర అంచు నుంచి పీలిక చింపి కట్టింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, దిగింది కూడా. ఒక బండ మీద కూలబడి నేను చేతులెత్తేశాను.

"దగ్గర్నే అంటివి గదా అక్కా! గిదేనా దగ్గర?"

ఆమె మూట దింపి, నవ్వుతూ నా పక్కనే కూర్చుంది. "దూరమంటె నువ్వు వస్తుంటివా మేడం? నడిచేటోళ్ళకు దూరమని చెప్పొద్దు. కాళ్ళు భయపడ్తయి."

ఆ బండ మీద కూర్చుని నేనూ నవ్వాను. మేం ఫోన్లో అడిగినవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. దారిన పోయేవాళ్ళకు ధైర్యం చెప్పడం అక్కడి మర్యాద. ఊళ్ళకు ఊళ్ళు మాకు ధైర్యం చెబితే మేం దాన్ని కొలత అనుకున్నాం.

"మరి వానకాలం గా వాగు ఎట్ల దాటుతరు?" అని అడిగాను.

"ఏడ దాటుతం? అది దిగేదాంక కూసుంటం."

పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. చిన్నామె కడుపుతో ఉంది, వానలు ముదిరే నాటికి నెలలు నిండుతాయి. పెద్దామె నాకు నీళ్ళిచ్చి పక్కకు పోయింది. అత్త రొట్టెలు కొడుతూ చెప్పింది. కిందటి వానలకు పెద్ద కోడలికి నొప్పులొస్తే మంచం మీద వాగు దాకా మోసుకుపోయారు. వాగు నిండుగా పోతోంది. అవతలి ఒడ్డున మండలం నుంచి వచ్చిన బండి నిలబడి ఉంది, దాని లైటు ఇవతలికి కనిపిస్తూనే ఉంది. వాగు తగ్గేదాకా తల్లి ఒడ్డునే ఉంది. తల్లి బతికింది, బిడ్డ బతకలేదు.

రొట్టె తిరగేస్తూ ఆమె అడిగింది. "కొత్త బండి వస్తదంటున్నరు గదా మేడం. ఏడ పెడ్తరు?"

"మండలంల పెట్టాలని అనుకుంటున్నరు."

"వాగవుతలనా?" అంది. అంతే. చిన్న కోడలు గడప మీద కూర్చుని మా మాటలన్నీ వింటోంది.

మర్నాడు అంగడి, అంటే వారపు సంత రోజు. పొద్దుగాలే ఊరి ముందు జీపు ఆగింది. జనం లోపల కొందరు, పైన కొందరు, వెనక వేలాడుతూ కొందరు. నన్ను కూడా ఎక్కించారు. గుట్ట మీదే మొరం రోడ్డు ఒకటి ఉంది, మా కంప్యూటర్‌కు అప్పటికి తెలియనిది. నా పక్కన కూర్చున్న పెద్దాయన అరచేతిలో పొగాకు వేసి నలుపుతున్నాడు. ఆయన అది నలిపి పెదవి కింద పెట్టుకునేలోపే అంగడి ఊరు వచ్చేసింది. వాగు లేదు, ఎక్కుడు లేదు, దిగుడు లేదు.

అంగడిలో ఆ గుట్టల మీది మనుషులందరూ ఉన్నారు. ఉల్లిగడ్డలు, గిన్నెలు, చీరలు, కొడవళ్ళు. చెట్టు కింద మంగలి, దుకాణం ముందు సూది వేసే డాక్టరు, ఫోనుకు రీచార్జి చేసే కుర్రాడు. ఒక మూల రెండు కుటుంబాలు పెళ్ళి మాటలు మాట్లాడుకుంటున్నాయి. తెలుగు సగం, మరాఠీ సగం. నన్ను గుట్ట ఎక్కించిన మా ఆమె చింతపండు ముందు పోసుకుని కూర్చుంది.

"మండలానికి ఎప్పుడెప్పుడు పోతరు అక్కా?" అని అడిగాను.

"ఆఫీసు పని ఉంటేనే. తక్కినయన్నీ గీ అంగడిలనే. సావు కబురైనా లగ్గం కబురైనా ఈడనే తెలుస్తది."

నిజం చెబుతున్నాను, ఆ రొదలో నాకు మా బాపు కొట్టిన గంట వినిపించింది. ఈ అంగడి ఎంత దూరం నుంచి జనాన్ని పిలుస్తుందో అంత దూరం ఇది ఒక ప్రాంతం. అంబులెన్స్ ఉండాల్సింది ఇక్కడే. ఇక్కడి నుంచి వాగు దాటకుండానే ఇంకో ఆస్పత్రికి తారు రోడ్డు కూడా ఉంది. సంతోషంతో అక్కడే ఉన్న మిర్చి బజ్జీలు తినేసి, వాటి ఫలితం రెండు రోజులు అనుభవించాను. అది వేరే కథ.

తర్వాతి అంగళ్ళకు మేం ముగ్గురమూ పోయాం. ఈసారి ఎంత దూరం అని ఎవర్నీ అడగలేదు. నీది ఏ ఊరు, ఇంట్ల నుంచి ఎల్లినప్పుడు పొద్దు ఏడుండె, ఈడికి వచ్చినప్పుడు ఏడుంది అని అడిగాం. దూరం దగ్గర మర్యాద చూపించినవాళ్ళు పొద్దు దగ్గర చక్కగా నిజం చెప్పారు. డ్రాఫ్ట్స్‌మన్ ఉల్లిగడ్డల బస్తా మీద పలక పెట్టుకుని, వచ్చిన ప్రతి మనిషి ఊరి నుంచి అంగడికి ఒక సన్నని గీత గీశాడు. కంప్యూటరమ్మాయి జీపులెక్కి తిరిగి, ఫోనుతో ఆ మొరం రోడ్లన్నీ పటంలోకి ఎక్కించింది. జీపు పైన కూర్చుని పోయింది కూడా. దిగాక "అంకుల్, గిది రెండు క్లిక్కులల్ల కాదు" అని ఒప్పుకుంది.

పటం తయారైంది. గీతలన్నీ నలువైపుల నుంచి వచ్చి అంగడి ఊళ్ళో కలిశాయి. చూడటానికి ముచ్చటగా ఉంది. ఒక్కటే చిక్కు. కొత్తగా మండలాలు విడగొట్టినప్పుడు అంగడి ఊరు పక్క మండలంలోకి పోయింది. గుట్టల మీది ఊళ్ళు ఈ మండలంలో మిగిలాయి. గీత కొత్తది, అంగడి పాతది. జనం పాతదాని ప్రకారమే నడుస్తున్నారు.

ఉత్సాహం కొద్దీ పటాన్ని చుట్టుకుని సమావేశానికి ముందే వైద్యాధికారి గదికి పోయాం. బల్ల మీద పరిచాం. ఆయన ఒక్క చూపు చూసి, వేలు తిన్నగా మండల హద్దు చూపే ఎర్ర గీత మీద పెట్టాడు.

"గీ ఊరు మన మండలంల లేదు గదా మేడం."

"లేదు సార్, కని జనమంతా..."

"జనం మాట సరే. మన మండలం బండిని పక్క మండలంల పెడితె డీజిల్ ఎవరు పోస్తరు? రేపు గా మండలపోళ్ళు బండి మాదే అంటె ఎవరు జవాబు చెప్పాలె? నన్నే అడుగుతరు. నేను కూడ వయసుల ఉన్నప్పుడు గా గుట్టల మీద డ్యూటీ చేసిన. నాకు తెల్వదా?" ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. "గింత మెహనత్ చేసిన్రు, సంతోషం" అని పటం చుట్టి మా చేతుల్లో పెట్టాడు.

గదికి వచ్చాక డ్రాఫ్ట్స్‌మన్ పటం మళ్ళీ పరిచి చాలాసేపు చూశాడు.

"నేనే చెడగొట్టిన మేడం. హద్దు ఎర్రగ కొట్టిన. కన్ను ఆడికే పోతది."

నిజమే. ఆయనకు ఒక అలవాటు ఉంది. అది ఆయన ఒక్కడిదీ కాదు, ఆ పని నేర్చిన వాళ్ళందరిదీ. ఏ పటమైనా ముందు హద్దు గీస్తారు, ఆ తర్వాతే లోపలివన్నీ. హద్దు లేకుండా పటం మొదలుపెట్టడం ఆయనకు పడుగు లేకుండా నేత మొదలుపెట్టడం లాంటిది. చూసేవాళ్ళ కన్ను కూడా ముందు హద్దునే పట్టుకుంటుంది. అది చూసిందంటే తక్కినదంతా "మనది, మనది కాదు" అయిపోతుంది. వాగులూ గుట్టలూ మనుషులూ ఆ తర్వాత ఎంత అరిచినా వినపడరు.

"అన్నా, హద్దును ఆఖరుకు గీస్తె ఏమైతది?" అన్నాను.

ఆయన నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత మెల్లగా ఆయన ముఖం విప్పారింది. "వేరే కాయితం మీద గీస్త" అన్నాడు.

కంప్యూటరమ్మాయి ఎగిరి గంతేసింది. "మేడం, తెర మీదనే చేద్దాం. హద్దు లేయర్ బంద్ చేసి చూపిద్దాం. తర్వాత ఆన్ చేద్దాం."

"వద్దు బిడ్డా. తెర మీద చూపిస్తె కుర్చీలల్ల ఒరిగి చాయ్ తాక్కుంట చూస్తరు. కాయితం పరిస్తె లేచి రావాలె. లేచి వచ్చినోడు చెయ్యి పెడ్తడు. చెయ్యి పెట్టినోనికి జర బాధ్యత వస్తది." ఇన్నేళ్ళు వెనక బెంచీలతో పోరాడి నేర్చుకున్న విద్య అది.

సమావేశం రోజు వచ్చింది. బయట మబ్బు పట్టి ఉంది. ఆ మబ్బును చూస్తే నాకు గడప మీద కూర్చున్న చిన్న కోడలే గుర్తొచ్చింది. ఈ రోజు ఓడిపోతే, ఆమె మంచం కూడా ఆ వాగు ఒడ్డున ఆగాల్సిందే.

కలెక్టర్ గారు ఇతర రాష్ట్రం మనిషి, తెలుగు శ్రద్ధగా నేర్చుకున్నవాడు, అచ్చు పుస్తకంలా మాట్లాడేవాడు. చుట్టూ వివిధ శాఖల అధికారులు. మా వంతు రాగానే పెద్ద బల్ల మీద పటం పరిచాం. గుట్టలు, వాగు, మొరం రోడ్డు, ఊళ్ళు, అంగడికి పోయే గీతలు. మండల కేంద్రం కూడా ఉంది, అక్కడ చదునైన నేల, తారు రోడ్డు. హద్దులు మాత్రం లేవు.

"సార్, చిన్న మనవి. ఈ ఊళ్ళ కోసం అంబులెన్స్ ఎక్కడుంటే బాగుంటుందో అందరూ ఒక్కొక్క గుర్తు పెట్టాలి. ఎవరూ ఒకరినొకరు అడగొద్దు" అన్నాను, పరీక్ష హాల్లో చెప్పినట్టే.

గుర్తుకు గుండుసూదులు తెచ్చుకోవాలని ముగ్గురమూ అనుకున్నాం, ముగ్గురమూ మరిచిపోయాం. మా ఇంట్లో బొట్టు అలవాటు లేదు, కాబట్టి నాకు తట్టలేదు. మా కంప్యూటరమ్మాయి చప్పున సంచి తెరిచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. కలెక్టర్ గారు నవ్వుతూ ముందుగా ఒకటి తీసుకున్నారు. దాంతో మిగతావాళ్ళకు తప్పలేదు. గంభీరమైన అధికారులందరూ వేలి కొసన మెరూన్ రంగు బొట్టుబిళ్ళ అంటించుకుని బల్ల చుట్టూ తిరగడం చూసి, డ్రాఫ్ట్స్‌మన్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

వైద్యాధికారి చివరన వచ్చాడు. ఆయనకు పటం కొత్త కాదు. అయినా ఈసారి ఎర్ర గీత లేదు కదా, ఆయన చూపు వాగు మీద ఆగింది. వాగు వెంబడి వేలు జరిపాడు. వానకాలంలో ఎక్కడ తెగుతుందో ఆ చోట వేలు ఆపాడు. గుట్టల మీద డ్యూటీ చేసిన పాత డాక్టరు ఆ క్షణంలో ఆయనలో లేచి నిలబడ్డాడని నాకు తెలిసిపోయింది. ఇంకేమీ ఆలోచించకుండా తన బొట్టుబిళ్ళను తెచ్చి అంగడి ఊరి మీద, అందరి బిళ్ళల పక్కన అంటించాడు.

మండల కేంద్రం మీద ఒక్క బొట్టు కూడా లేదు.

అప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ ట్రేసింగ్ కాగితం తెచ్చి, మూలలు సరిచూసి, పటం మీద పరిచాడు. దాని మీద ఎర్రగా మండల హద్దు. బొట్టుబిళ్ళలన్నీ గీతకు అవతల పడ్డాయి.

"అంటే మనమందరమూ పక్క మండలంలో పెట్టామా?" అన్నారు కలెక్టర్ గారు.

"అవును సార్. జనం కూడా అక్కడికే పోతున్నారు."

"ఈ గీత ఎవరు గీశారు?"

"మనమే సార్."

"అంబులెన్స్‌కు ఈ గీత కనబడుతుందా?"

అందరూ వైద్యాధికారి వైపు చూశారు. ఆయన ట్రేసింగ్ కాగితాన్ని మూల పట్టి ఎత్తి, కింద తన బొట్టుబిళ్ళ ఉన్నచోటే ఉందని చూసుకున్నాడు. మళ్ళీ దించాడు. నా వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మేడం, బొట్టు పెట్టి మరీ పిలిచినంక రానంటె బాగుండదు." గదంతా నవ్వింది. ఆయన కలెక్టర్ గారి వైపు తిరిగాడు. "సార్, ఆడనే పెడదాం. డీజిల్ సంగతి, గా మండలపోళ్ళ సంగతి నేను చూసుకుంట. నాకొదిలెయ్యుండ్రి."

ఆ సంతోషాన్ని ఎలా చెప్పను! మెట్ల మీద డ్రాఫ్ట్స్‌మన్, ఆ పిల్లా చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు. అటెండరు వచ్చి ఏమైంది అని అడిగితే, "హద్దు ఆఖరుకు గీసినం" అన్నాడాయన. అటెండరుకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ రోజు నడుస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు, చెప్పులు కొత్తవైనా.

వానలు ముదిరాక ఒక పొద్దున నాకు ఫోను వచ్చింది. వైద్యాధికారి. ఆయన తనంతట తాను నాకు ఫోను చేయడం అదే మొదలు.

"మేడం, వాగు నిండుగ పోతుంది."

నా చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"పోనీయ్ మేడం, మనకేంది? మన బండి ఇవుతల్నే ఉండె. అంగడి నుంచి పోయి, పక్క మండలం దవఖానకు తీసుకపోయిన్రు. గా చిన్న కోడలు, మీరు చెప్పినామె. ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు. మీ బొట్టుబిళ్ళ పని చేసింది."

గదిలో ఇద్దరికీ చెప్పాను. ఆ పిల్ల కెవ్వుమంది. డ్రాఫ్ట్స్‌మన్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత వెళ్ళి, మూలన వాన నీటికి తడుస్తున్న జిల్లా పటాన్ని తీసి పొడిగా ఉన్న గోడకు తగిలించాడు. ఇన్నాళ్ళూ ఆ పని ఎందుకు చేయలేదో మాకెవరికీ తెలియదు.

రిటైరైన చాలా కాలానికి, ఈ మధ్య, లక్సెట్టిపేటలో ఒక శుభకార్యానికి పోయి, అటునుంచి అటే ఆ అంగడికి పోయాను. అంగడి ఇంకా పెద్దదైంది. తెల్లబండి చెట్టు నీడన నిలబడి ఉంది, డ్రైవరు దాని అద్దం చూసుకుంటూ మీసం దువ్వుకుంటున్నాడు. మా ఆమె అదే చోట చింతపండు పోసుకుని కూర్చుంది. పక్కన ఒక పిల్ల, బడికి పోయే ఈడు, తూకపు రాళ్ళతో ఆడుకుంటోంది. నన్ను గుర్తుపట్టి ఆమె లేచి రెండు చేతులూ పట్టుకుంది. "గీమెనే" అంది పిల్లను ముందుకు తోసి. పిల్ల నా చెప్పుల వంక చూసి నవ్వింది. వాటి కథ ఇంట్లో చెప్పుకుంటారనుకుంటాను.

వెళ్ళేముందు, ఊరికే, ఆ పిల్లనే అడిగాను.

"మీ ఇంటికి గీ బండి ఎంత దూరం బిడ్డా?"

ఆ పిల్ల ఒకసారి బండి వైపు, ఒకసారి గుట్టల వైపు చూసింది.

"గింతే. దగ్గర్నే."

దగ్గర అంటే ఎంత, ఎవరికి, ఏ కాలంలో అని నేను అడగలేదు.